ఉత్తర ధ్రువంలో నూకరాజు

ఉత్తర ధ్రువం మీద మొట్టమొదట కాలు మోపినవాడు తెలుగువాడేనని రాష్ట్ర మంత్రి దేవన్నగారు బహ్రెయిన్‌లో ప్రకటించారు. 1996 మే నెలలో ఒక శుక్రవారం, మధ్యాహ్నం భోజనాలకి ముందు, మనామాలోని ఒక హోటల్ హాల్లో ఈ ప్రకటన వెలువడింది. బయట నలభై రెండు డిగ్రీల ఎండ. హాల్లో ఉన్న రెండు ఏసీల్లో ఒకటి శబ్దం మాత్రమే చేస్తోంది. అయినా మంత్రిగారు మెడలోని శాలువా తియ్యలేదు. అంతటి మనిషి ధ్రువాల గురించి మాట్లాడితే నమ్మకుండా ఉండడం కష్టం.

గల్ఫ్‌లో తెలుగువాళ్ల కష్టసుఖాలు స్వయంగా చూడాలని ఆయన మూడు రోజుల పర్యటన మీద వచ్చారు. మొదటి రెండు రోజులూ బంగారం కొట్లలో చూశారు. అక్కడ కష్టాలేవీ కనిపించలేదు. మూడోరోజు బహ్రెయిన్ తెలుగు వైభవ సమితి సన్మానం ఏర్పాటు చేసింది. సమితి అధ్యక్షుడు దామోదర్‌ది కరీంనగర్. ఒక ఫర్నిచర్ కంపెనీలో పర్చేజ్ మేనేజరు. కుర్చీల సంగతి ఆయనకు తెలిసినంతగా ఆ దీవిలో మరొకరికి తెలియదు.

మూడో వరసలో సత్యప్రసాద్ కూర్చున్నాడు. కాకినాడ మనిషి. నలభై దాటాయి. తుబ్లీలో ఒక కోల్డ్‌స్టోరేజీ కంపెనీలో స్టోర్స్ క్లర్కు. అతను సన్మానం చూడడానికి రాలేదు. తను రాసిచ్చిన అర్జీ మంత్రిగారి దాకా వెళుతుందో లేదో చూడడానికి వచ్చాడు. ఆ అర్జీని నాలుగు మడతలు పెట్టి చేత్తో పట్టుకుని పక్కన కూర్చున్నవాడు భీమరాజు. అదే కోల్డ్‌స్టోరేజీలో సరుకు మోసే పని అతనిది.

“ఎవరన్న ఏమన్న చెప్పుకునేది ఉంటే చెప్పుకోండి,” అన్నాడు దామోదర్, మర్యాదకి. ఎవరూ లేవరని ఆయన నమ్మకం. భీమరాజు లేచాడు.

“దండాలండి. నా పేరు భీమరాజండి. తాళ్లరేవు దగ్గరండి మాది. ఇక్కడ తుబ్లీలో సేపలూ కోడిమాంసం దాసే కోల్డ్‌స్టోరేజీలో పనండి. లోపల మైనస్ ఇరవయ్యండి. ఆరుగురం ఎల్తామండి. ఉన్నయ్యి రెండు కోట్లేనండి. తవరు ఒక మాట సెప్పి ఇంకో నాలుగు కోట్లు ఇప్పించారంటే...”

మంత్రిగారి మొహం పాలిపోయింది. “నాలుగు కోట్లా?”

“మనిషికి ఒకటండి. ఎక్కువేం కాదండి.”

దామోదర్ వంగి చెవిలో చెప్పాడు. “తొడుక్కునే కోట్లు సార్. చలికి.”

మంత్రిగారికి ప్రాణం లేచొచ్చింది. తీరిగ్గా శాలువా సర్దుకున్నారు. ఆ ఆలస్యం చూసి, తను చలి సంగతి సరిగ్గా చెప్పలేకపోయానేమో అనుకున్నాడు భీమరాజు.

“మామూలు సలి కాదండి అది. మా స్టోరు బాబుగారున్నారు కదండి, సత్యప్రసాద్ గారు, ఆయన పుస్తకం రాత్తన్నారండి. పూర్వం తెల్లోళ్ల ఓడెక్కి ఉత్తర ధ్రువం వైపెల్లిన మన కోరంగోడి గురించండి. ఆ సలీ మా సలీ ఒకటేనంటండి.”

మంత్రిగారి కళ్లు వెలిగాయి. మైకు దగ్గరికి తీసుకున్నారు.

“విన్నారా సోదరులారా! ఉత్తర ధ్రువం! అక్కడికి మొదట వెళ్లిందెవరు? తెలుగువాడు! చలికి వణకడం మన రక్తంలో లేదు. ఆ మహావీరుడు ఏ కోటు వేసుకుని వెళ్లాడు? ఏ అర్జీ పెట్టుకుని వెళ్లాడు? ఆధారాలతో సహా ఈ గడ్డ మీదే చరిత్ర గ్రంథం తయారవుతోందని ప్రకటించడానికి గర్విస్తున్నాను!”

చప్పట్లు ఎంతసేపు మోగాయంటే, ఆ సందడిలో భీమరాజు కూడా కొట్టాడు. చేతిలో అర్జీ ఉండడంవల్ల అతని చప్పుడు అంతగా వినబడలేదు. తర్వాత దాన్ని దామోదర్ అందుకున్నాడు. ఏసీ పనిచేయని వైపు కూర్చుని ఉన్నాడు కాబట్టి, భోజనాలయ్యేదాకా దాంతో విసురుకున్నాడు.

చెయ్యి కడుక్కునే చోట సత్యప్రసాద్ ఆయన్ని పట్టుకున్నాడు. “దామోదర్‌గారూ, నేను రాస్తున్నది నవలండి. ఆ నూకరాజుని నేను కల్పించాను. అలాంటివాడు లేడు.”

“గా ముచ్చట నాకు చెప్పినవ్, నేను విన్న,” అన్నాడు దామోదర్ తువ్వాలు అందుకుంటూ. “ఇగ ఇంకెవ్వరికి చెప్పకు.”

నూకరాజు పుట్టుక కథ ఇది. మూడేళ్ల కిందట కంపెనీలో పనిచేసిన ఒక ఇంగ్లీషు ఇంజినీరు సామాన్ సర్దుకుని వెళ్లిపోతూ పాత పుస్తకాలు గేటు దగ్గర పెట్టించాడు. వాటిలో ఒక లావుపాటి పుస్తకం సత్యప్రసాద్ ఇంటికి తెచ్చుకున్నాడు. ఉత్తరాన మంచు సముద్రాల్లో దారి వెతుక్కుంటూ పోయిన ఇంగ్లీషు కెప్టెన్ల కథలు. ఒకచోట కెప్టెన్‌గారి కుక్క పేరు, దాని జాతి, అది తినే తిండి అన్నీ వివరంగా ఉన్నాయి. అదే పేజీ అడుగున “ఈ వారంలో ఒక లాస్కరు చనిపోయాడు” అని ఉంది. లాస్కరంటే మన దేశం నుంచి వెళ్లిన ఓడ కూలీ. అంతే. పేరు లేదు.

సత్యప్రసాద్‌కి ఆ వాక్యం వదల్లేదు. ఆ కాలంలో ఓడలు కట్టిన రేవు కోరంగి, తమ ఊరికి నాలుగడుగుల దూరం. ఆ పోయినవాడు అక్కడివాడెందుకు కాకూడదు? వాడికి నూకరాజని పేరు పెట్టాడు. నలుగురిమీద అజమాయిషీ చేసే సరంగుని చేశాడు. డెలివరీ నోట్ల వెనకవైపు తెల్లగా ఉంటుంది కదా, వాటిమీద రాయడం మొదలుపెట్టాడు. 1821లో ఓడ మంచులో ఇరుక్కుంటుంది. నవంబరులో అస్తమించిన సూర్యుడు ఫిబ్రవరిదాకా రాడు. జనం దిగులుతో చచ్చిపోకుండా కెప్టెను ఓడమీద నాటకాలు వేయిస్తాడు. అందులో నూకరాజుకి మంచుగడ్డ వేషం ఇస్తారు. కదలకుండా నిలబడాలి. నూకరాజు జీవితంలో అది ఒక్కటే తేలికైన పని.

చలి ఎలా ఉంటుందో రాయాలంటే సత్యప్రసాద్ ఉన్నది ఆఫీసు గదిలో. అందుకే టీ వేళకి లోడింగ్ గట్టుమీద భీమరాజు పక్కన కూర్చుని అడిగేవాడు.

“మొదట సెవులండి. తరవాత ముక్కండి,” అని చెప్పేవాడు భీమరాజు, వేడి గ్లాసు రెండు చేతుల్తో పొదువుకుని. “సేతి ఏళ్లు నొప్పెడతన్నంతసేపూ బయం లేదండి బాబూ. నొప్పి ఆగిందంటే అప్పుడు బయపడాలండి.”

అతని ఎడమచేతి చివరి రెండు వేళ్లకీ కిందటేడు నొప్పి ఆగిపోయింది. ఇప్పుడు ఆ రెండు వేళ్లమీదా వేడి టీ ఒలికినా తెలియదు. కోటు వంతు తనది కాని రోజున జరిగిన సంగతి అది. ఆ మాటలు యథాతథంగా నూకరాజు నోట పెట్టాడు సత్యప్రసాద్. అర్జీ కూడా అందుకే రాసిచ్చాడు. ఎవరి మాటలైనా తీసుకుంటే ఏదో ఒకటి తిరిగి ఇవ్వాలని అతనికి అనిపించింది.

సన్మానం జరిగిన పదో రోజున హైదరాబాద్‌లోని మంత్రిగారి ఆఫీసు నుంచి ఫ్యాక్స్ వచ్చింది. మంత్రిగారి ప్రకటన పత్రికల్లో పడిందనీ, రాష్ట్రమంతటా హర్షం వెల్లివిరుస్తోందనీ, గ్రంథాన్ని రెండు నెలల్లో పూర్తిచేయాలనీ అందులో ఉంది. చివర ఒక అంశం: “సదరు నూకరాజు తమవాడేనని ఇప్పటికి మూడు కుల సంఘములు వినతిపత్రములు సమర్పించియున్నవి. కావున వారి కులము తెలియజేయగలరు.”

ఇంకా నిర్ణయించలేదని సత్యప్రసాద్ జవాబు పంపాడు. సాయంత్రానికే మరో ఫ్యాక్స్ వచ్చింది. “త్వరగా నిర్ణయించగలరు.”

తర్వాతి శుక్రవారం పొద్దున్నే దామోదర్ గుదైబియాలోని సత్యప్రసాద్ ఫ్లాటుకి వచ్చాడు. సత్యప్రసాద్ భార్య సూర్యప్రభ స్కూల్లో లెక్కల టీచరు. ఇడ్లీలు పెట్టి, తనూ కుర్చీ లాక్కుని కూర్చుంది.

“మనోడు ధ్రువం ఎక్కుతుండు గద?” అన్నాడు దామోదర్.

“ఎక్కడండి. 1821లో అక్కడిదాకా ఎవరూ వెళ్లలేదు,” అన్నాడు సత్యప్రసాద్.

“అందుకే గద మనోడు ఫస్టు.”

“వెళ్లలేదంటే మనవాడూ వెళ్లలేదనేనండి. మా నూకరాజు దారిలోనే చనిపోతాడు.”

దామోదర్ ఇడ్లీ తుంచడం ఆపాడు. “చచ్చుడెందుకయ్యా? మంత్రిగారు బాధపడ్తరు.”

“మంచుమీద బండి లాక్కుంటూ నలుగురు వెళ్తుంటారండి. బూటు తాడు ఊడిందని నూకరాజు కూర్చుంటాడు. కోరంగిలో పోటు తీసినప్పుడు అడుసులో నడుస్తున్నట్టు అనిపిస్తుంది అతనికి. కాళ్లకి వెచ్చగా ఉంటుంది. ఇక లేవడు.” మూడేళ్లుగా సత్యప్రసాద్ ఆ పేజీ పన్నెండుసార్లు రాశాడు.

దామోదర్ కాసేపు గౌరవంగా తల వంచుకున్నాడు. ఆ తర్వాత అడిగాడు. “ఇది ఎన్నో పేజీల వస్తది?”

“ఆఖరి పేజీ.”

“అయితే సరే. గంత దూరం ఎవ్వరు పోరు.”

సూర్యప్రభ భర్త వైపు చూసింది. “ఏవండీ, చరిత్ర అని వేస్తే తప్పు కాదా?”

“హైదరాబాద్‌ల అచ్చు, నీకు పైసా ఖర్చు లేదు. గట్టి అట్ట, వెయ్యి కాపీలు,” అన్నాడు దామోదర్, ఆమెకు కాకుండా అతనికి.

సత్యప్రసాద్ కథలు పదకొండేళ్లుగా పత్రికల నుంచి తిరిగొస్తున్నాయి. గట్టి అట్ట అన్న మాట అతను మనసులో రెండుసార్లు అనుకున్నాడు. లోపల ముందుమాటలో ఇది కల్పన అని తను స్పష్టంగా రాసుకోవచ్చు కదా అని సమాధానపడ్డాడు. మనిషన్నాక ఎక్కడో ఒకచోట నొప్పి ఆగుతుంది.

ఆవిష్కరణ ఆగస్టులో జరిగింది. హోటల్లో చేద్దామనుకుంటే దామోదర్ ఒప్పుకోలేదు. ధ్రువ గ్రంథానికి ధ్రువ వాతావరణం ఉండాలన్నాడు. కోల్డ్‌స్టోరేజీ మేనేజరు బహ్రెయినీ. పనివాళ్లందరూ ఆయన్ని అరబ్బీలో ముదీర్ అనే పిలుస్తారు. ఒక వజీరు స్వయంగా వస్తున్నాడనేసరికి ఆయన పదిహేను నిమిషాలు అనుమతి ఇచ్చాడు. సంగతేమిటని అడిగితే దామోదర్ చెప్పాడు. ఆయన మళ్లీ అడిగాడు. దామోదర్ మళ్లీ చెప్పాడు. మూడోసారి ముదీర్ అడగలేదు.

బ్రెజిల్ కోడిమాంసం అట్టపెట్టెలమీద తెల్ల దుప్పట్లు కప్పి మంచుకొండలు తయారుచేశారు. అతిథులకోసం ఐస్ స్కేటింగ్ ఆడే చోటినుంచి ఇరవై బొచ్చు కోట్లు అద్దెకు తెచ్చారు. భీమరాజునీ మిగతా అయిదుగురినీ మంచుకొండల ముందు వరసగా నిలబడమన్నారు. వాళ్లు ధ్రువప్రాంత ప్రజలు. పాత కోట్లు రెండూ చిరుగులు పట్టాయనీ ఫొటోలో బాగుండవనీ తీసేయించి, ఆరుగురికీ సమితి తరఫున శాలువాలు కప్పారు. కార్మికులకు ఇంతటి గౌరవం గల్ఫ్ చరిత్రలో ఇదే మొదటిసారి అని మైకులో చెప్పారు.

“భీమరాజూ, వద్దంటే వెళ్లిపో. నేను చెబుతాను,” అన్నాడు సత్యప్రసాద్ అతని పక్కకొచ్చి.

“పర్లేదండి బాబూ. మీ పుస్తకం రోజండి,” అన్నాడు భీమరాజు. శాలువా కింద చేతులు చంకల్లో పెట్టుకున్నాడు.

పదకొండు గంటలకి మంత్రిగారు నలభై నాలుగు డిగ్రీల్లోంచి మైనస్ ఇరవైలోకి అడుగుపెట్టారు. కళ్లజోడు తెల్లబడిపోయింది. అయినా ఆయన ఆగలేదు. ఏ దిక్కున జనం ఉన్నారో అంచనా వేసుకుని ఆ దిక్కుకి నమస్కారం పెట్టారు. ఆ దిక్కున పీతల పెట్టెలున్నాయి.

రెండో నిమిషంలో మైకు మూగబోయింది. మూడో నిమిషంలో సంతకం పెడదామంటే పెన్ను రాయలేదు. నాలుగో నిమిషంలో ఫొటోగ్రాఫరు, కెమెరాలో రీలు తిరగడం లేదని, మంత్రిగారు చేతి తొడుగు తీస్తే ఆఖరి ఫొటో ఒక్కటి తీసుకుంటానని బతిమాలాడు. మంత్రిగారు కుడిచేతి తొడుగు తీసి, పుస్తకం ఎడమచేత్తో ఎత్తిపట్టి, ఠీవి కోసం కుడిచేత్తో పక్కనున్న ఇనుప ర్యాకు పట్టుకున్నారు. ఎండలోంచి వచ్చిన చెయ్యి. చెమటగా ఉంది.

“ఈ చలి నన్నేం చేస్తుంది?” అన్నారాయన, పళ్లు టకటకలాడుతుండగా. “మొదట చెయ్యి కొంచెం నొప్పెట్టింది. ఇప్పుడు అదీ లేదు. హాయిగా ఉంది!”

అందరూ చప్పట్లు కొట్టారు. భీమరాజు ఒక్కడు కొట్టలేదు. “నొప్పి ఆగిందాండి?” అని అరుస్తూ వరసలోంచి బయటికి వచ్చేశాడు.

“హాయిగా...”

“లాగకండి! సెయ్యి లాగకండి! తోలూడి వచ్చేత్తది!” భీమరాజు మంత్రిగారి మణికట్టు గట్టిగా పట్టుకుని కదలనివ్వలేదు. “బాబుగారూ, గోరెచ్చని నీళ్లు! టీ అయినా పర్లేదండి!”

సత్యప్రసాద్ పరుగెత్తాడు. అతిథులకోసం బయట ఉంచిన ఫ్లాస్కు తెచ్చి, చన్నీళ్లు కలిపి పోశాడు. టీ ధారకి చెయ్యి మెల్లగా ఊడింది. రెండు వేళ్ల చివర్లు మైనంలా తెల్లగా ఉన్నాయి. ఎవరి అనుమతీ అడక్కుండా భీమరాజు మంత్రిగారిని బియ్యం బస్తా ఎత్తినట్టు భుజాన వేసుకుని బయటికి తెచ్చాడు. గట్టుమీద కూలేసి, ఆ చెయ్యి తన చొక్కాలోపల చంకలో పెట్టుకుని బిగించాడు. మంత్రిగారి ముక్కులోంచి సన్నగా రక్తం వస్తోంది. ఆయన ఏడుస్తున్నారు.

“నొప్పి! నొప్పిరా బాబూ, వదులు!”

“నొప్పొచ్చిందాండి? అమ్మయ్య,” అన్నాడు భీమరాజు. అతని పెదాలు నీలంగా ఉన్నాయి. శాలువా ఎక్కడో లోపల పడిపోయింది. “ఇంక బయం లేదండి. ఏడవండి, మంచిదండి.”

ఇరవై నిమిషాలు ఇద్దరూ అలాగే కూర్చున్నారు. మంత్రిగారి తల భీమరాజు భుజంమీద ఉంది. నీ పేరేమిటని ఆయన అడిగారు. భీమరాజండి అని అతను చెప్పాడు. ఈ మేలు మరిచిపోనన్నారు ఆయన. ఆ నిమిషంలో అది నిజమేనని సత్యప్రసాద్‌కి అనిపించింది.

ముదీర్ గట్టుమీదే నిలబడి అంతా చూశాడు. అందరూ వెళ్లాక సత్యప్రసాద్‌ని పిలిచాడు. “ఈ వజీర్ లోపల ఎంతసేపు ఉన్నాడు?”

“ఆరు నిమిషాలు సార్.”

“బొచ్చు కోటుతో?”

“అవును సార్.”

ముదీర్ ధ్రువప్రాంత ప్రజల వైపు చూశాడు. వాళ్లు గోడ పక్కన ఎండలో వరసగా కూర్చుని వణుకుతున్నారు. “వీళ్లు రోజుకి ఎనిమిది గంటలు,” అన్నాడు తనలో తను. ఆ కంపెనీలో ఆయన చేరి పద్నాలుగేళ్లయింది. వారం తిరక్కుండా ఆరు కొత్త కోట్లూ, ఆరు జతల చేతి తొడుగులూ వచ్చాయి. అర్జీ కాగితం ఏ అడ్రసుకి చేరిందో ఎవరికీ తెలియదు. ఒక మంత్రి రెండు వేళ్లు మాత్రం సరైన చోటికి చేరాయి.

హైదరాబాద్ పత్రికలో ఆ వార్త మూడు కాలమ్‌లలో వచ్చింది. “మైనస్ ఇరవైలో మంత్రి సాహసం” అని శీర్షిక. ఆయన పేరు తొమ్మిదిసార్లు, దామోదర్ పేరు నాలుగుసార్లు ఉన్నాయి. మంత్రి చొరవతో కార్మికులకు కోట్లు అందాయని ఉంది. చివర “ఈ సందర్భంగా ఒక కార్మికుడు సహకరించాడు” అని ఉంది.

సత్యప్రసాద్ ఆ వాక్యం రెండుసార్లు చదివి, పత్రిక మడిచి పక్కన పెట్టేశాడు. భీమరాజుకి మాత్రం చదివి వినిపించలేదు. అతను అడిగితే, నీ గురించి కూడా రాశారని చెప్పాడు.

నవంబరులో తుపాను వచ్చింది. తాళ్లరేవు, కోరంగి, ఐ.పోలవరం అంతా దెబ్బతింది. భీమరాజు మూడు రోజులు టెలిఫోను బూత్ దగ్గరే నిలబడ్డాడు. కోటు వేసుకోవలసిన డ్యూటీకి వెళ్లలేదు. నాలుగోరోజున అతని అన్న గొంతు వినబడింది. మనుషులు దక్కారు. ఇల్లు లేదు. సూర్యప్రభ స్కూల్లో దుప్పట్లు పోగుచేసి పంపింది.

తుపాను ప్రాంతంలో దేవన్నగారు విస్తృతంగా పర్యటించారు. బాధితుల జాబితా ఏ ఆఫీసులో ఉందో తేలడానికి నెలలు పడుతుందనగా, నూకరాజు వారసుల జాబితా మాత్రం పదిరోజుల్లో తేలింది. జాతీయ వీరుడి వంశం టార్పాలిన్ కింద ఉండడం రాష్ట్రానికి అప్రతిష్ఠ కదా. నూకరాజు స్మారక పరిశోధన సంఘం ఏర్పడింది. దామోదర్ బహ్రెయిన్ ఉద్యోగం వదిలి హైదరాబాద్ వెళ్లి, ఆ సంఘానికి కార్యదర్శి అయ్యాడు. అక్కడి కుర్చీ వెనక్కి వాలుతుందని ఇక్కడి మిత్రులకు ఉత్తరం రాశాడు.

1997 జనవరిలో సంఘం నుంచి సత్యప్రసాద్‌కి రిజిస్టర్డ్ పోస్టు వచ్చింది. సంతకం దామోదర్‌దే.

“తాము రచించిన గ్రంథమునందు ఈ క్రింది చారిత్రక దోషములు కనుగొనబడినవి. ఒకటి: నూకరాజుగారు అవివాహితులై మంచునందు మరణించినట్లు వ్రాయబడినది. వారసుల వాంగ్మూలము ప్రకారము వారు క్షేమముగా తిరిగివచ్చి నలుగురు సంతానమును పొందిరి. రెండు: వీరు చలికి వణికినట్లు పదహారు చోట్ల వ్రాయుట వంశస్థుల మనోభావములను గాయపరచినది. మూడు: నూకరాజుగారు కల్పిత వ్యక్తి అని ముందుమాటలో పేర్కొనుట పూర్తిగా నిరాధారము. పదిహేను దినములలో సంజాయిషీ ఇవ్వవలెను. లేనిచో గ్రంథము ఉపసంహరింపబడును.”

సూర్యప్రభ చదివి కాగితం తిరిగిచ్చింది. “నలుగురు పిల్లలట. మీకే చెప్పలేదన్నమాట ఆయన.”

సత్యప్రసాద్ నవ్వలేకపోయాడు. తను పుట్టించినవాణ్ణి, తను పన్నెండుసార్లు చంపి పన్నెండుసార్లు ఏడ్చినవాణ్ణి, ఎవరో బతికించి కాపురం పెట్టించారు. అతనికి నిజంగా కోపం వచ్చింది. శుక్రవారం పొద్దున కూర్చుని నాలుగు పేజీల జవాబు రాశాడు. నూకరాజు లేడు, ఎప్పుడూ లేడు, కాబట్టి వారసులు ఉండే అవకాశం లేదు, ఈ మాట పత్రికలన్నిటికీ పంపుతున్నాను. మూడో పేజీలో దామోదర్‌కి చేతులు కడుక్కున్న చోటు గుర్తుచేశాడు. కవరు అంటించబోతుంటే ఫోను మోగింది.

“బాబూ, సత్యపెసాదు బాబేనా? నాను కోరంగి నుంచండి. నరసాయమ్మని.” ముసలి గొంతు. ఫోనులో మాట్లాడడం అలవాటులేక అరుస్తోంది. “నూకరాజు తాత ముని మనవరాలినంట నాను. ఎమ్మార్వో గారు ఫోను సేయించారు.”

“చెప్పండమ్మా.”

“మా తాత ధర్మమాని పక్కా ఇల్లిచ్చారు బాబూ. గోడలు లేచినయ్యి. కప్పు ఎయ్యాల. మా పక్కోళ్లకి తాతల్లేరు పాపం, అందరూ టార్పాలీన్ల కిందే ఉన్నారు. రేతిరేళ మా యింట్లోకే పిలిత్తన్నాను, పద్నాలుగు మందిమి పడుకుంటన్నాం.”

సత్యప్రసాద్ చేతిలో కవరు ఉంది. సూర్యప్రభ గుమ్మంలో నిలబడి వింటోంది.

“నీ జవాబు రాకపోతే కప్పు ఆపేత్తారంట బాబూ. ఫారంలో ఒక గడి కాళీగా ఉండిపోయింది. తాత ఎలాగుండేవోడో రాయాలంట. నువ్వైతే సూశావని సెప్పారు. పొడుగా, పొట్టా?”

సత్యప్రసాద్ కవరు బల్లమీద పెట్టాడు. మంచులో బూటు తాడు కట్టుకోవడానికి వంగిన మనిషి అతనికి బాగా తెలుసు. కూర్చుంటే అతని మోకాళ్లు ఎంత ఎత్తుకి వచ్చేవో కూడా తెలుసు.

“పొడుగమ్మా,” అన్నాడు.

“పొడుగంటన్నారండి,” అని ఆమె పక్కకి చెప్పడం వినిపించింది.

“పొడుగా?” అని ఒక మగ గొంతు కంగారుపడింది. “విగ్రహం నాలుగడుగుల పది అంగుళాలకి పోత పోసేశారే! సరిగ్గా గుర్తు తెచ్చుకోమను.”

“బాబూ,” అంది నరసాయమ్మ, ఈసారి మెల్లగా, “ఇంకోపాలి తలుసుకో నాయనా.”

సత్యప్రసాద్ కళ్లు మూసుకుని తలుచుకున్నాడు.

“పొట్టేనమ్మా,” అన్నాడు. “మంచులో పొడుగ్గా కనబడ్డాడు.”